ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషిన్‌లో నీళ్ళు పెంచుకోవచ్చా?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర ఒక పల్లెటూరు. మొన్న సంక్రాంతికి 7 కిలోల ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషిన్ కొన్నాము. అంతకు ముందు చాలా ఏళ్ళు పైనుంచి బట్టలు వేసే మెషిన్ వాడాము. అందులో బట్టలు నిండా మునిగి తిరిగేవి. కొత్తదాని అద్దంలోంచి చూస్తే అడుగున నాలుగు చెంబుల నీళ్ళు కూడా ఉన్నట్టు కనిపించదు. ‘మునగని బట్టకు మురికి ఎలా పోతుంది, పక్కనే కాలువ పెట్టుకుని ఈ పిసినారితనం ఎందుకు’ అని మా అత్తగారు అంటున్నారు. ఆవిడ మాటకు తగ్గట్టే తువ్వాళ్ళు గరుకుగా వస్తున్నాయి, మావారి నల్ల ప్యాంట్ల మీద తెల్లటి చారలు మిగులుతున్నాయి, బాబుకి మెడ దగ్గర దురద వస్తోంది. కొళాయి పూర్తిగా తిప్పినా నీళ్ళు పెరగలేదు. ఈ మెషిన్ చేత ఎక్కువ నీళ్ళు పట్టించే మార్గం ఏదైనా ఉందా?

జవాబు: మార్గాలు ఉన్నాయమ్మా. అయితే నీళ్ళు ఏ దశలో పెరగాలో ముందుగా తేల్చుకుంటే మీ పని సులువవుతుంది. గరుకుదనం, తెల్లటి చారలు, దురద అని మీరు రాసిన మూడూ బట్టలో సబ్బు మిగిలిపోతోందని చెబుతున్న గుర్తులు. మురికి సరిగా వదలడం లేదని మీరు ఎక్కడా రాయలేదు. అంటే మీకు కావలసిన అదనపు నీళ్ళు ఉతుకు దగ్గర అక్కరలేదు, జాడింపు దగ్గర కావాలి. (బాబు దురద సబ్బు తగ్గించాక కూడా వారం పది రోజుల్లో తగ్గకపోతే వైద్యునికి చూపించండి, దానికి బట్టలే కారణమని నేను ఇక్కడ కూర్చుని తేల్చలేను.)

మీ అత్తగారి ప్రశ్న తీసివేయదగినది కాదు, ఆవిడకు తగిన సమాధానం ఇవ్వవలసిందే. చాకిరేవులో బట్టలు ఎలా ఉతికేవారో ఆవిడ చూసే ఉంటారు. బట్టను నీళ్ళలో ముంచి ఉంచి ఎవరూ ఉతకలేదు. తడిపి, చౌడో సబ్బో పట్టించి, ఉబ్బ పెట్టి, ఆ తడి బట్టను తల మీదుగా ఎత్తి బండకేసి కొట్టేవారు. అంతా అయ్యాక కాలువలో మోకాలి లోతున నిలబడి నాలుగైదు సార్లు జాడించేవారు. బండ దగ్గర నీళ్ళు తక్కువ, జాడించే చోట నీళ్ళు ఎక్కువ. ఫ్రంట్ లోడ్ మెషిన్ చేసేది సరిగ్గా ఆ బండ పనే. అడ్డంగా పడుకోబెట్టిన డ్రమ్ము లోపలి గోడకు మూడు గట్లు ఉంటాయి; అవి తడి బట్టను పైదాకా ఎత్తుకువెళ్ళి కిందికి వదులుతాయి. ఆ పడే దెబ్బతోనే మురికి వదులుతుంది. అడుగున నీళ్ళు ఎక్కువైతే బట్ట తేలుతుంది, పడే ఎత్తు తగ్గుతుంది, దెబ్బ మెత్తబడుతుంది. పైనుంచి వేసే మెషిన్‌లో బట్టను నీళ్ళే అటూ ఇటూ తిప్పాలి కాబట్టి దానికి నిండా నీళ్ళు కావాలి. రెండింటి పద్ధతులు వేరు.

జర్మనీకి చెందిన హెర్బర్ట్ సిన్నర్ అనే రసాయన శాస్త్రవేత్త 1959లో ఈ సంగతిని ఒక వలయంగా గీసి చూపాడు. శుభ్రం కావడానికి రసాయనం, వేడి, కదలిక, కాలం అనే నాలుగూ కావాలనీ, ఒకటి తగ్గితే మిగిలినవి ఆ లోటు పూడ్చాలనీ అతని వివరణ. మన రేవులో చౌడు రసాయనం, ఉబ్బ వేడి, బండ కదలిక, నానబెట్టిన రాత్రి కాలం. మీ మెషిన్ నీళ్ళు తగ్గించుకుని కాలాన్ని పెంచుకుంది. అందుకే పాత మెషిన్ ముప్పావు గంటలో ముగించిన పనికి ఇది రెండు గంటలు తీసుకుంటుంది.

ఇక కొళాయి సంగతి. ఈ మెషిన్ నీళ్ళను సమయం చూసి పట్టదు, మట్టం చూసి పడుతుంది. డ్రమ్ము చుట్టూ ఉండే తొట్టి అడుగున ఒక చిన్న గాలి గది, దాని నుంచి పైకి ఒక సన్నటి గొట్టం, ఆ గొట్టం చివర ప్రెజర్ సెన్సర్ ఉంటాయి. తొట్టిలో నీళ్ళు పెరిగేకొద్దీ గొట్టంలో చిక్కిన గాలి నొక్కుకుపోతుంది; ఆ ఒత్తిడిని చదివి, అనుకున్న మట్టం రాగానే, నీళ్ళను లోపలికి వదిలే ఇన్‌లెట్ వాల్వ్‌ను మెషిన్ మూసేస్తుంది. బట్టలు నీళ్ళు పీల్చుకుని మట్టం పడిపోతే మళ్ళీ తెరుస్తుంది. మీరు కొళాయి ఎంత తిప్పినా అదే మట్టం త్వరగా వస్తుంది, అంతే. అడుగున కనిపించకపోయినా మొదటి పట్టులో దిగిన నీళ్ళలో చాలా భాగం బట్టల్లోనే ఉంటుంది. ఒక నూలు తువ్వాలును తడిపి పిండకుండా ఎత్తి చూస్తే అది ఎంత నీరు మోస్తుందో మీకే తెలుస్తుంది.

ఇప్పుడు మీరు చేయవలసిన పనులు చెబుతాను. అన్నిటికంటే ముందు డ్రెయిన్ పైపు చూడండి. మన వైపు ఇళ్ళలో మెషిన్‌ను వెనక వసారాలోనో బాత్‌రూము గుమ్మం పక్కనో పెట్టి, ఆ పైపును తూము వైపు నేల మీద పడేయడం మామూలు అలవాటు. పైపు చివర తొట్టి మట్టం కంటే కిందికి ఉంటే, ఒకసారి పంపు తోడడం మొదలుపెట్టాక సైఫన్ ఏర్పడి, ఆ తర్వాత పట్టిన నీళ్ళు పట్టినట్టే వాటంతటవే జారిపోతాయి. మెషిన్ పడుతూనే ఉంటుంది, బట్టలకు మాత్రం నీళ్ళు అందవు. కంపెనీల పుస్తకాల్లో పైపు చివరను నేలకు సుమారు 60 నుంచి 100 సెంటీమీటర్ల ఎత్తున కట్టమని రాసేది ఇందుకే. మెషిన్‌తో పాటు ఇచ్చే వంకీ తొడిగి, గోడకు మేకు కొట్టి కట్టండి. చివర నీళ్ళలో మునిగి ఉండకూడదు, గొట్టంలోకి గాలి ఆడకుండా బిగించకూడదు. ఉతుకు దశలో పంపు మోత లేకుండానే పైపు చివర నుంచి నీళ్ళు కారుతుంటే మీ జబ్బు దొరికినట్టే. నేను చూసిన ‘నీళ్ళు చాలని’ మెషిన్లలో ఈ ఒక్క లోపంతో బాధపడుతున్నవి తక్కువేమీ కాదు, అందుకే దీన్ని ముందు చెప్పాను.

రెండవది సబ్బు. పాత మెషిన్‌లో వేసిన కొలతే ఇందులోనూ వేస్తుంటే చారలు రాక తప్పదు. తక్కువ నీళ్ళలో ఎక్కువ పొడి కరగదు. కరిగినది విపరీతంగా నురగ కడుతుంది. నురగ మెత్తలాగా మారి, బట్ట పడే దెబ్బను తినేస్తుంది. జాడింపులో ఆ నురగ పోవడానికి ఉన్న నీళ్ళు చాలవు. ఫ్రంట్ లోడ్ కోసం తయారైన, నురగ తక్కువ వచ్చే పొడి గాని ద్రవం గాని మాత్రమే వాడండి. మీ ఊరికి గోదావరి కాలువ నీరే వస్తుంటే, ఆ నీటిలో సున్నపు పాళ్ళు బోరు నీటితో పోలిస్తే తక్కువే ఉంటాయి కాబట్టి, డబ్బా మీద రాసిన కొలతలో సగంతో మొదలుపెట్టి చూడండి. కాలర్ల మీద మురికి మిగిలితే కొద్దికొద్దిగా పెంచుకోవచ్చు. నల్ల బట్టలకు పొడి మానేసి ద్రవం వాడడం మంచిది.

సబ్బు నిజంగా మిగులుతోందో లేదో తెలుసుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. ఉతికి తీసిన తువ్వాలు ఒకదాన్ని బకెట్టు మంచినీళ్ళలో వేసి చేత్తో గట్టిగా పిసకండి. నీళ్ళు పాలలా తెల్లబారి నురగ నిలబడితే సబ్బు మిగిలింది. నాలుగు బుడగలు వచ్చి వెంటనే పోతే కంగారు పడనక్కరలేదు, ఆ మాత్రం ఏ ఉతుకులోనైనా ఉంటుంది.

మూడవది బట్టల బరువు. 7 కిలోలంటే పొడి నూలు బట్టల బరువు, అదీ కాటన్ ప్రోగ్రామ్‌కు మాత్రమే. సింథటిక్ ప్రోగ్రామ్‌కు దాదాపు సగం, ఉన్ని, డెలికేట్ ప్రోగ్రామ్‌లకు సుమారు రెండు కిలోలు అని మీ మెషిన్ పుస్తకంలోనే ఉంటుంది. డ్రమ్ములో బట్టలు నింపాక వాటి పైన మీ అరచెయ్యి నిలువుగా పట్టేంత ఖాళీ ఉండాలి. ఖాళీ లేకపోతే బట్టలు పడవు, ముద్దగా తిరుగుతాయి, నీళ్ళు ఆ ముద్ద లోపలికి చేరవు. ఉమ్మడి కుటుంబాల్లో వారానికి రెండుసార్లు కుక్కి వేసే కంటే నాలుగుసార్లు వదులుగా వేయడమే, ఒక్కో బట్టకు ఎక్కువ నీళ్ళు అందించడానికి అన్నిటికంటే నమ్మకమైన దారి.

ఇవన్నీ సరిచేశాక మీరు అడిగిన అదనపు నీళ్ళ మాటకు వస్తాను. మీ మెషిన్ మీద ఎక్స్‌ట్రా రిన్స్, రిన్స్ ప్లస్, వాటర్ ప్లస్ వంటి పేర్లలో ఒక మీట ఉంటుంది. రిన్స్ అని ఉన్నవి ఇంకొక జాడింపు కలుపుతాయి. వాటర్ అని ఉన్నది మట్టాన్నే పెంచుతుంది. 7 కిలోల మెషిన్‌లో ఒక్కో జాడింపుకు రమారమి 10 నుంచి 15 లీటర్లు పడుతుంది. మీ అవసరానికి ఒక జాడింపు కలిపితే చాలు. పసిపిల్లల బట్టల కోసం బేబీ కేర్ వంటి పేరుతో ప్రోగ్రామ్ ఉంటే అందులో జాడింపులు సాధారణంగా ఎక్కువే ఉంటాయి, వేడి కూడా ఎక్కువ. బాబు బట్టలు విడిగా అందులో వేయండి. పదిహేను నిమిషాల, అరగంట ప్రోగ్రామ్‌లు జాడింపు తగ్గించి సమయం ఆదా చేస్తాయి. ఒకటి రెండు చొక్కాలకు తప్ప వాటి జోలికి వెళ్ళవద్దు.

ప్రశ్న: మాది అమలాపురం. ఫ్రంట్ లోడ్ మెషిన్‌లో సబ్బు వేసే అర ద్వారా చెంబుతో నీళ్ళు పోయవచ్చని ఒకరు, బట్టలు ముందే తడిపి వేస్తే మెషిన్ బరువెక్కువనుకుని నీళ్ళు ఎక్కువ పడుతుందని మరొకరు, లోపల ఒక మర తిప్పితే మట్టం శాశ్వతంగా పెరుగుతుందని మా ఊరి మెకానిక్ చెబుతున్నారు. వీటిలో ఏది చేయవచ్చు?

జవాబు: మొదటిది మితంగా చేయవచ్చు. మెషిన్ తాను పట్టవలసిన నీళ్ళు పట్టి డ్రమ్ము తిరగడం మొదలయ్యాక, అరను కొద్దిగా తెరిచి, ఉతుకు సబ్బు వేసే గడిలో నెమ్మదిగా రెండు మూడు లీటర్లు పోస్తే అవి నేరుగా తొట్టిలోకి దిగుతాయి. దుప్పట్లు, బొంతల వంటి వాటికి ఇది కొంత ఉపయోగపడుతుంది, ఎందుకంటే అవి మొదటి పట్టునంతా తామే తాగేసి పొడిగా మిగులుతాయి. నీటి మట్టం తలుపు అద్దం కింది అంచు దాటనివ్వవద్దు. దాటిస్తే ఎక్కువ మట్టాన్ని గుర్తించి మెషిన్ పంపు నడిపి నీళ్ళన్నీ తోడేస్తుంది, సబ్బూ వాటితో పోతుంది. మరిగిన నీళ్ళు పోయవద్దు. తొందరపడి గుమ్మరిస్తే నీళ్ళు అర పక్కల నుంచి పొంగి పైభాగంలోని విద్యుత్ తీగల మీదకు చేరే ప్రమాదం ఉంది. రోజూ చేసే పనిగా మాత్రం దీన్ని నేను సలహా ఇవ్వను: సబ్బు ద్రావణం పలచబడి ఉతుకు నాణ్యత తగ్గుతుంది.

రెండవదానికి ఫలితం మెషిన్‌ను బట్టి మారుతుంది. కొన్ని మెషిన్లు నీళ్ళు పట్టకముందే డ్రమ్మును కొద్దిగా తిప్పి, మోటారు మీద పడే భారాన్ని బట్టి బరువు అంచనా వేస్తాయి. వాటిలో తడి బట్టలు వేస్తే ఎక్కువ బరువుగా లెక్కించి ఎక్కువ నీళ్ళు, ఎక్కువ సమయం కేటాయిస్తాయి. మరికొన్ని, బట్టలు ఎంత నీరు పీల్చుకున్నాయన్నదాన్ని బట్టి మళ్ళీ పడతాయి. వాటిలో ముందే తడిసిన బట్టలు పీల్చుకునేది ఏమీ ఉండదు కాబట్టి మెషిన్ పట్టే నీళ్ళు తగ్గుతాయి. మీది ఏ రకమో తెలుసుకోవాలంటే, అవే బట్టలను ఒకసారి పొడిగా, ఒకసారి తడిపి వేసి, డ్రెయిన్ పైపును గుర్తులు గీసిన పెద్ద డ్రమ్ములోకి పెట్టి మొత్తం కొలవండి. బట్టలు తాము మోసుకువచ్చిన నీళ్ళను తీసివేసి లెక్కించడం మరవవద్దు.

మూడవది వద్దు. పాత మెషిన్లలో ఉండే మీట రకం ప్రెజర్ స్విచ్‌కు అటువంటి మర ఉండేది. దాన్ని తిప్పితే ఉతుకు మట్టంతో పాటు పొంగకుండా కాపాడే మట్టం కూడా జరిగిపోవచ్చు. ఇప్పటి మెషిన్లలో చాలావరకు ఎలక్ట్రానిక్ సెన్సర్లే వస్తున్నాయి. మట్టాలు సర్క్యూట్ బోర్డులో రాసి ఉంటాయి, వాటికి తిప్పే మర లేదు. గొట్టాన్ని నొక్కి కట్టడం, దానికి సూదితో బెజ్జం పెట్టడం వంటివి ఇంకా ప్రమాదం. గాలి కారిపోతే సెన్సర్‌కు నీళ్ళు ఉన్నాయన్న సంగతే తెలియదు, వాల్వ్ మూసుకోదు, ఇల్లంతా నీళ్ళవుతుంది. వారంటీ పోవడం ఆ తర్వాతి నష్టం. మెకానిక్ అనుభవాన్ని నేను తక్కువ చేయడం లేదు. ఆయన చేత మీరు చేయించుకోదగిన పని వేరే ఉంది: ఆ గాలి గదిని విప్పించి శుభ్రం చేయించండి. సబ్బు జిడ్డు, నూలు పీచు పేరుకుని ఆ గది మూసుకుపోతే, నీళ్ళు తోడేశాక కూడా గొట్టంలో ఒత్తిడి మిగిలి, తొట్టిలో ఇంకా నీళ్ళున్నాయని మెషిన్ భ్రమపడి తరువాతి పట్టు తగ్గిస్తుంది. కొన్నప్పుడు బాగా పట్టిన మెషిన్ మూడు నాలుగేళ్ళకు నీళ్ళు తగ్గించిందంటే ముందుగా అనుమానించవలసినది దీన్నే. నెలకొకసారి ఖాళీ మెషిన్‌ను టబ్ క్లీన్‌లో గాని, 60 డిగ్రీలకు తగ్గని వేడిలో గాని నడిపితే ఆ జిడ్డు అంత త్వరగా చేరదు.

ప్రశ్న: మేము మొగల్తూరు వైపు, సముద్రానికి దగ్గరగా ఉంటాము. బోరు నీళ్ళు ఉప్పు. ఎక్స్‌ట్రా రిన్స్ రెండుసార్లు పెట్టినా బట్టలు బిరుసుగానే ఉంటున్నాయి. పైగా మేడ మీద ఉన్న మెషిన్ నీళ్ళు పట్టడానికే చాలాసేపు తీసుకుని, ఒక్కోసారి మధ్యలో ఆగిపోతోంది.

జవాబు: ఉప్పు నీటితో ఎన్నిసార్లు జాడించినా బట్టలో చివరకు మిగిలేది ఆ చివరి నీళ్ళలో ఉన్న ఉప్పే. నీళ్ళు ఆరిపోతాయి, ఉప్పు మిగులుతుంది. మీకు నీళ్ళ పరిమాణం పెంచడం వల్ల లాభం లేదు. సాఫ్ట్‌నర్ యంత్రం బిగించమని ఎవరైనా చెబితే ఒక సంగతి గుర్తుంచుకోండి: అది కాల్షియం, మెగ్నీషియంలను తీసి వాటి చోట సోడియం పెడుతుంది గాని ఉప్పదనాన్ని తగ్గించదు. ఉతుకు, మొదటి జాడింపులు బోరు నీటితో కానిచ్చినా, చివరి జాడింపు ఒక్కటి కాలువ నీటితోనో, నిలవ పెట్టిన వాన నీటితోనో జరిగేలా చూసుకోండి. మెషిన్‌లో రిన్స్, స్పిన్ మాత్రమే చేసే ప్రోగ్రామ్ విడిగా ఉంటుంది. ఇన్‌లెట్ పైపును ఆ మంచి నీళ్ళు నిలవ చేసిన తొట్టికి మార్చి ఆ ప్రోగ్రామ్ ఒక్కటి నడపవచ్చు. ఈ మాట మీ బట్టల కోసం మాత్రమే చెప్పడం లేదు. డ్రమ్మును వెనక నుంచి మోసే మూడు కాళ్ళ చట్రం చాలా మెషిన్లలో అల్యూమినియం మిశ్రమ లోహంతో చేసినది. ఉప్పు నీరు, సబ్బు క్షారం కలిసి దాన్ని ఏళ్ళ తరబడి తింటాయి. అది విరిగితే డ్రమ్ము ఊగి తొట్టిని పగలగొడుతుంది. ఉతుకు ముగిసాక తలుపు, సబ్బు అర రెండూ తెరిచి ఆరనివ్వండి.

ఆగిపోవడం వేరే సమస్య, అది ఒత్తిడికి సంబంధించినది. నీటి ఎత్తు 10 మీటర్లు ఉంటే సుమారు 1 బార్ ఒత్తిడి వస్తుంది. కంపెనీలు తక్కువలో తక్కువ 0.3 లేదా 0.5 బార్ అడుగుతాయి, అంటే టాంకు నీటి మట్టం మెషిన్ కంటే కనీసం 3 నుంచి 5 మీటర్ల పైన ఉండాలి. మేడ మీది మెషిన్‌కు, దాని నెత్తిన శ్లాబు మీదే ఉన్న టాంకుకు మధ్య అంత ఎత్తు ఉండదు. అనుకున్న సమయంలో మట్టం రాకపోతే మెషిన్ నీళ్ళు రావడం లేదని గుర్తు చూపి ఆగిపోతుంది. కొళాయి కింద 10 లీటర్ల బకెట్టు పెట్టి చూడండి. నిండడానికి రెండు నిమిషాలు దాటుతుంటే టాంకును దిమ్మె కట్టి ఎత్తాలి, లేదా చిన్న ప్రెజర్ పంపు పెట్టించాలి. అయితే ఆ ఖర్చుకు ముందు కొళాయి కట్టేసి, ఇన్‌లెట్ పైపు విప్పి, మెషిన్ వెనక వాల్వ్ నోట్లో ఉండే చిన్న జల్లెడను శ్రావణంతో లాగి పాత పళ్ళ బ్రష్షుతో కడగండి. బోరు ఇసుక, ఇనుప తుప్పు చేరి అది మూసుకుపోయి ఉండడం చాలా సాధారణం. కాలువ నీళ్ళు వాడే ఇళ్ళలో కూడా వరద రోజుల్లో ఎర్రనీరు వచ్చినప్పుడు ఒండ్రు చేరి ఇదే జరుగుతుంది. ఆ రోజుల్లో నీళ్ళను పటిక వేసి తేర్చి టాంకుకు ఎక్కించుకోవడం బట్టలకూ మెషిన్‌కూ మంచిది.

ప్రశ్న: మాకు భీమవరం దగ్గర రొయ్యల చెరువులు ఉన్నాయి. బురద బట్టలకైనా ఎక్కువ నీళ్ళు అవసరమే కదా?

జవాబు: అవసరమే, ఆ నీళ్ళు మెషిన్ బయట వాడండి. చెరువు గట్టునే మోటారు నీళ్ళ కింద బురద పోయేదాకా జాడించి తేవాలి. బురద తలుపు రబ్బరు మడతల్లో, పంపు ముందున్న ఫిల్టర్‌లో చేరితే నీళ్ళు బయటకు పోవు. జాడించి తెచ్చిన బట్టలను ముందుగా సబ్బు లేకుండా రిన్స్, స్పిన్‌లో తిప్పి, ఆ మట్టినీరు పోయాక కాటన్ ప్రోగ్రామ్‌లో 40 డిగ్రీల వేడితో, ప్రీవాష్ (అసలు ఉతుకుకు ముందు చేసే చిన్న ఉతుకు) కలిపి వేయండి. కింద ముందు వైపు చిన్న మూత వెనక ఉండే ఫిల్టర్‌ను మీ ఇంట్లో వారానికొకసారి విప్పి కడగాలి. మూత తిప్పే ముందు మెషిన్‌ను స్విచ్ దగ్గర కట్టేసి, లోపల మిగిలిన నీళ్ళు నేల పాలు కాకుండా కింద ఒక పళ్ళెం పెట్టుకోండి.